పిల్లి ఎక్కాకే పడవ కదిలేది!

ఈ వేసవిలో నేనూ, మా ఆవిడా, మా రెండు పిల్లులూ ఇంగ్లండ్‌లోని కెన్నెట్ అండ్ ఏవన్ కాలువలో నారోబోట్ ఎక్కాం. వెడల్పు 7 అడుగుల లోపే. వేగం గంటకు 4 మైళ్లు దాటకూడదు. గట్టుమీద జాగింగ్ చేసేవాళ్లే మనల్ని దాటేస్తారు!

అసలు పరీక్ష డివైజెస్ దగ్గర. 29 లాక్‌లలో నీళ్లు నింపుకుంటూ, పడవను మెట్టుమెట్టుగా 72 మీటర్లు పైకెక్కించాలి. ఆ లోతైన గోడల మధ్య పిల్లి పడితే పట్టు దొరకదు. అందుకే లాక్ వచ్చిందంటే పిల్లులు లోపల, తలుపులు బంద్.

తాడు విప్పేముందు తలలు లెక్కపెట్టడం మా రూల్. ఓ సాయంత్రం ఒకటి తగ్గింది. గుండె ఆగినంత పనైంది. గట్టంతా అరగంట వెతికాం. చూస్తే, మంచం కింద అరలో హాయిగా నిద్ర!

మీరూ వెళ్తారా? రోజుకో గంట పిల్లి ఖాతాలో రాసేయండి.