చీటీ ఇంటికి చేరిన తరువాత

ప్రాథమిక పాఠశాలలో ఆరోగ్య, భద్రతా మేళా అనగానే చాలామంది తల్లిదండ్రులకు అదొక పిల్లల వేడుకగానే తోస్తుంది. షామియానా, మైకు, వరుసగా బల్లలు. ఒకచోట ఎత్తు, బరువు చూస్తారు, మరొకచోట పళ్లు చూస్తారు. అగ్నిమాపక సిబ్బంది ఎర్రబండి తెచ్చి నీళ్లు చిమ్మి చూపిస్తే పిల్లలు కేరింతలు కొడతారు. సాయంత్రానికి షామియానా విప్పేస్తారు. రాయలసీమలోని మా పట్టణంలో ఒక మున్సిపల్ ఉర్దూ ప్రాథమిక పాఠశాలలో ఇటీవల జరిగిన అటువంటి మేళాకు చుట్టుపక్కల మసీదుల ఇమాములను, మదర్సా ఉపాధ్యాయులను కూడా ఆహ్వానించారు. ఆ పూటంతా అక్కడే ఉండి చూసిన మీదట నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. మేళా ఫలితం ఆనాడు మైదానంలో తేలదు. బిడ్డ సంచిలో ఇంటికి చేరే చిన్న చీటీని ఆ ఇంటి పెద్దలు ఏం చేస్తారన్నదానిపైనే అది ఆధారపడి ఉంటుంది.

అన్నింటికంటే ఎక్కువ చీటీలు రాసింది కంటి పరీక్ష బల్ల దగ్గర. అక్షరాలు ఇంకా పట్టుబడని చిన్న పిల్లల కోసం ఇంగ్లీషు ‘ఈ’ అక్షరాన్ని నాలుగు దిక్కులకూ తిప్పి ముద్రించిన పటం ఒకటుంటుంది. ఆరు మీటర్ల దూరంలో నిలబడి, ఒక కన్ను మూసుకుని, ఆ అక్షరపు కాళ్లు ఎటు తిరిగి ఉన్నాయో బిడ్డ తన వేళ్లతో చూపించాలి. తరువాత రెండో కన్ను. చూడడానికి ఆటలా ఉంటుంది కాని, ఇంట్లో ఏళ్ల తరబడి ఎవరికీ తెలియని లోపం ఆ రెండు నిమిషాల్లో బయటపడుతుంది. పుట్టినప్పటి నుంచి మసకగా చూస్తున్న బిడ్డ తనకు కనిపించడం లేదని ఎలా చెబుతుంది? లోకం అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటుంది. నల్లబల్ల మీది పాఠం ఎక్కించుకోలేని ఆ పసిబిడ్డకు ‘మొద్దు’ అన్న పేరు మాత్రం మనం తొందరగా పెట్టేస్తాం.

ఒక కంటి చూపు బాగుండి రెండో కంటి చూపు తక్కువగా ఉన్న పిల్లల విషయంలో ఆలస్యం మరీ ప్రమాదకరం. బలహీనమైన కంటిని మెదడు క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది. వైద్యులు దీనినే సోమరి కన్ను అంటారు. ఏడెనిమిదేళ్లలోపు చికిత్స మొదలైతే మంచి ఫలితం ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. కాబట్టి ఒకటో తరగతిలో ఇచ్చిన చీటీ అయిదో తరగతి దాకా అలమారాలో ఆగేది కాదు.

అలమారాలోకి వెళ్లే చీటీల్లో ఎక్కువ ఆడపిల్లలవే. అక్కడ ఒక బామ్మగారు మనవరాలి చీటీ చేతబట్టుకుని నా దగ్గరకు వచ్చారు. “హజ్రత్, ఈ వయసులోనే అద్దాలు పెడితే రేపు దీనికి సంబంధాలు ఎట్లా వస్తాయి?” అని అడిగారు. ఆమెది దురుద్దేశం కాదు. మన ఇళ్లల్లో పెళ్లిచూపులకు వెళ్లినవారు అమ్మాయి ముఖం మీది కళ్లద్దాలను ఎలా లెక్కిస్తారో ఆమెకు అనుభవం మీద తెలుసు. నేను ఆమెతో అన్నది ఇంతే: “అమ్మా, మీ మనవడికి ఇదే చీటీ వస్తే ఏం చేసేవారు?” ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, ఆసుపత్రిలో కళ్లు చూసేది ఏ రోజని అక్కడి ఏఎన్‌ఎంను అడిగి తెలుసుకున్నారు. కళ్లద్దాలు పెట్టుకుంటే చూపు మరింత తగ్గిపోతుందన్నది కూడా అపోహే. అద్దాలు పెట్టనందువల్ల చదువు పోతుంది, పెట్టినందువల్ల కన్ను పోదు.

కంటి మాట వచ్చింది కనుక సుర్మా గురించి కూడా చెప్పాలి. సుర్మా పెట్టుకోవడం మన ఇళ్లల్లో తరతరాల అలవాటు, దాని మీద గౌరవమూ ఉంది. అయితే బజారులో సుర్మా పేరుతో అమ్ముతున్న పొడుల్లో అనేకం సీసపు ఖనిజంతో చేసినవని పరీక్షల్లో తేలింది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, రక్తహీనతను కలిగిస్తుంది. కన్ను నలిపిన చేతిని బిడ్డ నోట్లో పెట్టుకుంటుంది కదా. అందులో ఏముందో తెలియని పొడిని ఆచారం పేరుతో పసికళ్లలో పెట్టడం సమంజసం కాదని నా అభిప్రాయం.

రక్తహీనత బల్ల దగ్గర ఆరోగ్య సిబ్బంది తల్లులను అడిగిన మొదటి ప్రశ్న, పొద్దున బిడ్డ ఏం తిని వచ్చాడని. దాదాపు అందరి జవాబూ ఒకటే: చాయ్‌లో ముంచిన బన్ను. తిండితో పాటు తాగే టీ ఆ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. బడిలో వారానికొకటి ఇచ్చే గులాబీరంగు మాత్ర ఈ ఇనుము కోసమే. ఒకవైపు మాత్ర ఇచ్చి మరోవైపు చాయ్ పోస్తుంటే బిడ్డ ముఖంలోకి రక్తం ఎలా వస్తుంది?

చీటీ అంటే ఖర్చు అన్న భయం చాలా ఇళ్లల్లో ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉద్దేశమే ఆ భయాన్ని తీర్చడం. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషక లోపాలు, వ్యాధులు, ఎదుగుదలలో ఆలస్యం అనే నాలుగింటిని పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్లో ముందుగానే గుర్తించడం దాని పని. ప్రభుత్వ బడి పిల్లలను ఏడాదికి ఒకసారి, అంగన్‌వాడీ పిల్లలను రెండుసార్లు పరీక్షించాలి. అవసరమైనవారిని జిల్లా స్థాయి కేంద్రానికి పంపిస్తారు. గుండెలో రంధ్రం, గ్రహణమొర్రి వంటి వాటికి శస్త్రచికిత్స కూడా ఈ పథకం కింద ఉచితం. అయితే ఆ తలుపు తెరుచుకోవాలంటే చీటీతో బిడ్డను తీసుకుని ఎవరో ఒకరు బయలుదేరాలి. ఒకరోజు కూలి పోతుంది, నిజమే. ఆ కూలికి సాయపడే పని మహల్లా కమిటీలు పూనుకోదగినది.

ఇక వదంతుల సంగతి. నులిపురుగుల మాత్ర వేసిన రోజున, కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్న కొందరు పిల్లలకు వికారం, కడుపునొప్పి కలిగి కొద్దిసేపట్లో తగ్గిపోతాయి. ఆ కొద్దిసేపట్లోనే ఫోన్లలో పుకారు ఊరంతా తిరిగి వస్తుంది. 2017 ఆగస్టులో తెలుగు రాష్ట్రాల్లో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైనప్పుడు కూడా, ఇది మన పిల్లలకు సంతానం లేకుండా చేసే కుట్ర అన్నారు. వాస్తవంలో గర్భిణికి రుబెల్లా సోకితే కడుపులోని శిశువు చెవుడుతో, కంటి శుక్లంతో, గుండె లోపంతో పుట్టే ప్రమాదం ఉంది. రేపటి తల్లులైన మన ఆడపిల్లలనూ, వారి సంతానాన్నీ కాపాడే టీకానే సంతానానికి శత్రువన్నారు. ఇంతకుముందు ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో పోలియో చుక్కల మీదా ఇటువంటి వదంతులే చెలరేగినప్పుడు ఉలమా ముందుకు వచ్చి మసీదుల నుంచి ప్రకటనలు చేయించారు. 2011 జనవరి తరువాత మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల ఆ రోగం వచ్చిన కేసు కనిపించలేదు. ఇంకొక మాట. హజ్‌కు బయలుదేరే ముందు మన పెద్దలు హజ్ శిబిరంలో మెనింజైటిస్ టీకా వేయించుకుంటారు, పోలియో చుక్కలు వేయించుకుంటారు. అక్కడ ఎవరికీ లేని అనుమానం బిడ్డ దగ్గరకు వచ్చేసరికి ఎందుకు పుడుతుందో ఆలోచించవలసి ఉంది.

భద్రతా బల్లల దగ్గర చెప్పినవాటిలో ఇంటి వంటగదికి సంబంధించినవే విలువైనవిగా తోచాయి. 2004 జూలై 16న కుంభకోణంలో ఒక పాఠశాలలో వంట దగ్గర పుట్టిన మంట ఆకుల కప్పుకు పాకి 94 మంది పిల్లలను బలిగొన్నది. ఆ సంగతి చెప్పినప్పుడు షామియానా కింద సద్దుమణిగింది. సలసల కాగే నూనె బాణలిని నేల మీద పెట్టవద్దన్నారు. రమజానులో ఇఫ్తార్ వేళ పకోడీల హడావిడిలో ఈ మాటను మరీ గుర్తుంచుకోవాలి. ఒళ్లు కాలితే టూత్‌పేస్టు, సిరా పూయకుండా ఇరవై నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచాలి. బిడ్డ కిరోసిన్ తాగితే వాంతి చేయించకూడదు, వెంటనే 108కి ఫోను చేయాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టకుండా, రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరిచి, బయటకు వచ్చి 1906కు చెప్పాలి.

తిరిగి వచ్చేటప్పుడు ప్రధానోపాధ్యాయురాలు తన బల్ల మీది పుస్తకం చూపించారు. ఏ బిడ్డకు ఏ చీటీ ఇచ్చారో, ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లారో, వెళ్లకపోతే కారణమేమిటో రాసుకునే గడులు అందులో ఉన్నాయి. మూడో గడి నింపడానికి ఆవిడ ఇల్లిల్లూ తిరుగుతారట. మన మదర్సాల వసతి గృహాల్లో ఉంటూ ఏ బడి రిజిస్టరులోనూ పేరు లేని పిల్లలు ఉన్నారు. వారికోసం ఇటువంటి పుస్తకం ఎవరు రాస్తున్నారు? బడికి రాని పిల్లలకు ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర అంగన్‌వాడీలో వేస్తారు. ఈ తడవ మా పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లడానికి అంగన్‌వాడీ కార్యకర్తతో మాట్లాడి ఉంచాను. కంటి పటాన్ని కూడా మదర్సాకు తెప్పిస్తున్నాం, ఇన్షా అల్లాహ్. వసారా పొడవు కొలిచి చూశాం, ఆరు మీటర్లకు పైనే ఉంది.