‘బండెనక బండి కట్టి’ అసలు ఎవరి పాట?

పటాన్‌చెరులో యూనియన్ మీటింగైనా, సంగారెడ్డిలో జూన్ 2 ఫంక్షనైనా, ఈ పాట పడిందంటే జనం చప్పట్లు అందుకుంటారు. ఎవరు రాశారని అడిగితే మాత్రం ఎక్కువమంది ‘గద్దరన్నే కదా’ అంటారు. నేనైతే కాదంటాను. ఎందుకో చెప్తా, చూడండి.

పాట రాసింది బండి యాదగిరి. 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటంలో ఆయన పోరాడారు. పాటలో తిట్లు తినేది నైజాం సర్కారు. అంటే దొరలు, రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న రోజుల్లో పుట్టిన పాట ఇది. ఆ పోరాటం ముగిసేనాటికి గద్దర్ ఇంకా చిన్న పిల్లాడు. లెక్క అక్కడే తేలిపోతుంది.

మరి గద్దర్ పేరు ఎట్ల అంటుకుంది? 1979లో తీసిన ‘మా భూమి’ సినిమా వల్ల. దర్శకుడు గౌతమ్ ఘోష్, నిర్మాత బి. నర్సింగరావు. అందులో ఈ పాట పాడుతూ, ఆడుతూ తెర మీద కనిపించింది గద్దరే. అప్పుడు తెర మీద చూసినవాళ్లకీ, ఇప్పుడు ఫోన్లో క్లిప్ చూస్తున్న మనకీ కనిపించే ముఖం ఒక్కటే. రాసినాయన ముఖం ఎవరూ చూడలేదు.

పైగా గద్దర్ మన పాత మెదక్ జిల్లా తూప్రాన్ బిడ్డ. అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. 1997లో కాల్పులు జరిగితే బతికి బయటపడ్డారు, ఒక బుల్లెట్ ఒంట్లోనే ఉండిపోయింది. 2023 ఆగస్టు 6న పోయారు. ఇప్పుడు రాష్ట్ర సినిమా అవార్డులకు కూడా ఆయన పేరే. ఇంత పెద్ద మనిషి పక్కన ఇంకో పేరు కనిపించకపోవడంలో వింతేముంది?

దీంతో గద్దర్ గొప్పతనం ఏమీ తగ్గదు. ‘మల్లెతీగకు పందిరివోలె’ ఆయన రాసిందే, దానికొచ్చిన నంది అవార్డును వద్దన్నారు కూడా. కానీ ‘బండెనక బండి’ విషయంలో ఆయన చేసింది వేరే పని. ముప్పై ఏళ్ల కిందటి పాటను తీసుకొచ్చి కొత్త తరం నోట్లో పెట్టారు. అదేం చిన్న పని కాదు.

జనం పాట నోటి నుంచి నోటికి పోతుంది. పాట మిగులుతుంది, కట్టినోడి పేరు జారిపోతుంది. అందుకే ఈసారి స్టేటస్ పెట్టేటప్పుడు రెండు పేర్లూ రాయండి: రాసింది బండి యాదగిరి, పాడింది గద్దర్. ఉంటా మరి.