దుంపకూరలయందలి సహజవిషములు – నిరపాయముగ వండు విధము

సూరతు నగరమున శీతకాలమందు దుంపకూరల వాడుక హెచ్చును. ఊంధియు అను వంటకమునకు పెండలము ముఖ్యము. ఉపవాసదినములందు కంద, చిలగడదుంప, సగ్గుబియ్యము ఆహారమగును. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలి కుటుంబములు పెక్కు ఆ నగరమున మగ్గములపై జీవించుచున్నవి. అచ్చటి అంగళ్లలో పేర్లచే కలుగు పొరపాటును అధికారులు ముందుగా నెరుగవలయును. తెలుగువారి కంద గుజరాతీల సూరణ్. గుజరాతీల కంద్ తెలుగువారి పెండలము. కర్రపెండలమన్ననో, పేరున మాత్రమే పెండలమునకు చుట్టము. జాతి వేరు, విషము వేరు, వండు విధమును వేరు.

1. కంద, చేమ: వీనియందు సూదులవంటి ఆక్సలేటు స్ఫటికములు గలవు. అవి నోటను గొంతుకయందును గ్రుచ్చుకొని దురదను, వాపును కలిగించును. కందకు లేని దురద కత్తిపీటకేల యను సామెత యిందుండి పుట్టినదే. చేతులకు నూనె రాచికొని, చెక్కు మందముగ తీసి, ముక్కలను చింతపండు నీట ఉడికించి, ఆ నీటిని పారబోసి, మెత్తబడువరకు మరల వండవలయును. మూత్రపిండములందు రాళ్లు గలవారు వీనిని మితముగ భుజింపవలయును.

2. పెండలము: తోటలలో సాగుచేసినది చక్కగ ఉడికిన చాలును. అడవిపెండలములలో కొన్ని తీవ్రమైన విషముగలవి. అడవిజాతులవారు వానిని పలుచని బిళ్లలుగ కోసి, పారు నీట దినములకొలది నానబెట్టి, పిదప వండుదురు. ఆ పరిచయము లేనివారు వానిని కొనరాదు.

3. కర్రపెండలము: ఇది మిక్కిలి జాగ్రత్త వలయునది. దుంపను కోసినప్పుడు, నమలినప్పుడు దానియందలి లినమారిన్ అను పదార్థము విడిపోయి హైడ్రోసయనిక్ ఆమ్లము పుట్టును. దానిచే దేహము ప్రాణవాయువును వినియోగింపజాలకపోవును. తీపిజాతియందు కిలోగ్రామునకు 50 మిల్లీగ్రాములకు లోబడియుండు ఈ విషము చేదుజాతియం దంతకు మించియుండును. రుచినిబట్టి మాత్రమే నిర్ణయింపరాదు.

తీపిజాతి దుంపను చెక్కుతీసి, చిన్నముక్కలు చేసి, విస్తారమైన నీట మూతలేక ఉడికించి, ఆ నీటిని పారబోయవలయును. ఊంధియును పూర్వపద్ధతిని నీరు పోయక, బోర్లించిన మట్టికుండలో వండుదురు. అట్టి వంట పెండలమునకు తగును గాని కర్రపెండలమునకు తగదు. విషము చాలవరకు అందే నిలుచును. చేదుజాతిని తురిమి, దినములకొలది పులియబెట్టి, పిండి, ఎండబెట్టినగాని తినరాదు. సగ్గుబియ్యము కర్రపెండలపు పిండియే యైనను, తయారగునపుడు పెక్కుమారులు కడుగబడి వేయింపబడుటచే విషము చాలవరకు పోవును.

ఈ భయము ఊహామాత్రము గాదు. 1981లో మొజాంబికునందు కరవుకాలమున చేదుజాతిని తగినట్లు శుద్ధిచేయక భుజించినందున వేయిమందికి పైగా కాళ్లు చచ్చుపడినవి. 2017లో ఉగాండాయందు కర్రపెండలపు పిండి తిని 98 మంది జబ్బుపడగా ఇరువురు మరణించిరి.

తిన్న కొలదికాలమునకు వాంతి, తలనొప్పి, తలత్రిప్పుట, ఊపిరాడకపోవుట కనబడినచో, ఇంటివైద్యమున కాలము గడపక రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలయును. తినగా మిగిలిన దుంపను వెంట తీసికొనిపోవలయును.

పురపాలక, తాలూకా అధికారులు అంగళ్లలో కర్రపెండలమును వేరు రాశిగ నుంచి, పేరును గుజరాతీలోను తెలుగులోను వ్రాయించి, వసతిగృహముల వంటవారికి పై విధుల నెరిగింపవలయును. పేరు స్పష్టముగ తెలిసినగాని వంట నిరపాయము కాజాలదు.