వరిచేని తుప్పుమచ్చలు – యశదపు కొఱత

వరి నాటిన రెండు మొదలు నాలుగు వారములలో, చేను పిలక వేయవలసిన తరుణమున, కొన్ని మడులు ఎదుగుబొదుగు లేక నిలిచిపోవుట సభ్యులెల్లరు ఎఱిగినదే. లేత ఆకుల మొదట నడియీనె తెల్లబాఱును. ముదురాకులపై తుప్పురంగు మచ్చలు పొడచూపును. ఆకును వంచినచో పెళుక్కున విఱుగును. ఇది చూచి పురుగని మందు కొట్టువారు కొందఱు. బలము చాలదని యూరియా చల్లువారు మఱికొందఱు. అప్పు తెచ్చి చేసిన ఆ వ్యయమంతయు దండుగయే. పైరునకు కొఱతపడినది యశదము, అనగా అంగడిలో మనము జింకు అని అడుగునది. ఉత్తర దేశపు రైతులు ఖైరా యని పిలుచు ఈ జాడ్యమునకు యశదలోపమే కారణమని 1966లో పంత్‌నగరు వ్యవసాయ విశ్వవిద్యాలయమున డాక్టరు వై. ఎల్. నేనె నిర్ధారించెను.

నేలలో యశదము బొత్తిగా లేకపోవుటయే ఇందులకు కారణమని తలంపరాదు. చవుడు నేలలందును, సున్నపు పాలు హెచ్చుగల నేలలందును, నిరంతరము నీరు నిలుచు మడులందును, భాస్వరపు టెరువు మితిమీఱి వేసిన చోటులందును, ఉన్న యశదమే వేరునకు అందకుండును. గాదె నిండ ధాన్యముండియు తాళపుచెవి పోగొట్టుకొన్నట్టి స్థితి యిది.

అట్టి భూములలో ఆఖరు దమ్మున ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు (నూటికి 21 పాళ్లు జింకు గలది) వేయవలయును. రెండు మూడు పంటలకొకమాఱు వేసిన చాలును. పంటపంటకు వేయుమను వర్తకుని మాట వినవలసిన పని లేదు. భాస్వరపు టెరువుతో కలిపి మాత్రము చల్లరాదు. రెండింటికిని కొన్ని దినముల ఎడముండవలయును. నాటిన పిదప లోపము కనబడినచో లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి, ఐదేసి దినముల ఎడముతో రెండు మూడు మాఱులు ఆకులు తడియునట్లు పిచికారి చేయవలయును.

ఉండియు అందకపోవుట మనుష్యునకును కలదు. ఇరాను దేశపు షిరాజు ప్రాంతమున వయస్సు వచ్చినను బాలురవలె ఎదుగక నిలిచిన యువకులను గూర్చి డాక్టరు ఆనంద ప్రసాదు 1961లో ప్రకటించెను. వారి ముఖ్యాహారము పులియబెట్టని గోధుమ రొట్టె. గోధుమలో యశదము లేకపోలేదు. ఫైటేటు అను పదార్థము దానిని పట్టియుంచి ఒంటికి పట్టనీయదు. ఆయన 1963లో ఈజిప్టునందు అట్టివారిలో యశదలోపమును నిరూపించెను.

బియ్యమే ప్రధానముగా భుజించు మన యిండ్లలో పప్పు, పాలు, గ్రుడ్డు, మాంసము కొఱవడినచో ఈ లోపమునకు ముందుగా గుఱియగువారు పిల్లలు. వారికి విరేచనములు పట్టినపుడు ఓ.ఆర్.ఎస్. ద్రావణముతోపాటు దినమునకు 20 మిల్లీగ్రాముల జింకు, ఆఱు మాసముల లోపు శిశువునకు 10 మిల్లీగ్రాములు, పది మొదలు పదునాలుగు దినములు ఇయ్యవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థయు యూనిసెఫ్ సంస్థయు 2004లో సూచించినవి. విరేచనములు మూడవనాడే కట్టినను, తల్లులు ఆ మాత్రలను నడుమ మానిపింపరాదు.