ఇంటర్ గ్రూపుకు కులం ఉంటుందా?

బడంగ్‌పేట్‌లో మేముండే కాలనీ నుంచి చూస్తే శంషాబాద్‌ వైపు వెళ్లే విమానాలు కనిపించని పూట ఉండదు. గత మే నెలలో ఒక సాయంత్రం, ఆ విమానాశ్రయంలోనే కాంట్రాక్టు పద్ధతిలో శుభ్రత పనిచేసే ఒక దళిత తండ్రి, పదో తరగతి పాసైన తన కుమార్తెను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. చేతిలో మెమో జిరాక్సు. గణితంలో 91 మార్కులు. అప్పటికి రెండు నెలల కిందటే, పరీక్షలు పూర్తికాకముందే, ఒక ప్రైవేటు జూనియర్ కళాశాల మనిషి వాళ్ల బస్తీకి వచ్చి, మూడు వేల రూపాయలు అడ్వాన్సు కట్టించుకుని, అమ్మాయి పేరును సీఈసీలో రాసుకుని వెళ్లాడు. ఫలితాలు రాగానే టీసీ, అసలు మెమో కూడా తీసుకున్నాడు. ‘సీఈసీ అయితే అల్కగ పాసైతదన్నరు సారు, ఫీజు గూడ తక్కువ. మంచిదే గద?’ అని తండ్రి అడిగారు. నీకేది ఇష్టమమ్మా అని నేను అమ్మాయిని అడిగాను. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, ‘లెక్కలు ఇష్టం సార్. సీఈసీల లెక్కలుండయంట గద’ అంది.

ఆ విషయం ఆమెకు పేరు రాయించిన తర్వాతే తెలిసింది. తండ్రికి ఆ రోజు మా ఇంట్లోనే తెలిసింది. తెలియకపోవడం వారి తప్పు కాదు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆ అమ్మాయే. ఏ గ్రూపు ఏ చదువుకు దారితీస్తుందో, ఏ దారిని మూసేస్తుందో చెప్పగల మేనమామ గానీ, పెద్దమ్మ కొడుకు గానీ వారికి లేరు. కొన్ని కుటుంబాలలో ఈ జ్ఞానం పిల్లలకు భోజనాల దగ్గర మాటల్లోనే అందుతుంది. మూడు తరాలుగా చదువు ఉన్న కులాలకు అది ఆస్తి వంటిది. తండ్రి నుంచి బిడ్డకు సంక్రమిస్తుంది. ఏ రిజిస్ట్రేషన్ కార్యాలయంలోనూ నమోదు కాని ఈ ఆస్తి పంపకం గురించి మన కుల చర్చల్లో మాట్లాడుకోవడం తక్కువ.

నిబంధనలను ఒకసారి చూద్దాం. నీట్ రాసి వైద్యవిద్యలో చేరాలంటే ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివి ఉండాలి. ఇంజనీరింగ్‌కు గణితం, భౌతికశాస్త్రం తప్పనిసరి. ఆర్కిటెక్చర్‌కూ గణితం కావాలి. ఎన్‌డీఏ ద్వారా సైన్యంలోని పదాతి విభాగానికి ఏ గ్రూపు వారైనా వెళ్లవచ్చు గానీ, వైమానిక, నౌకాదళాలకు వెళ్లాలంటే గణితంతో పాటు భౌతిక, రసాయన శాస్త్రాలు ఉండాలి. వాణిజ్య పైలట్ లైసెన్సుకు భౌతికశాస్త్రం, గణితం చదివి ఉండాలన్న నిబంధన 1990ల నుంచి కొనసాగుతూ వచ్చింది. ఆర్ట్స్ చదువుగా మనం భావించే అర్థశాస్త్రం సంగతీ ఇంతే. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఆనర్స్ చదవాలంటే ప్రవేశ పరీక్షలో గణితం రాయాల్సిందే. సీఈసీలో ‘ఈ’ అంటే అర్థశాస్త్రమే అయినా, ఆ గ్రూపు విద్యార్థికి పేరున్న అర్థశాస్త్ర విభాగం తలుపులు సగం మూసుకునే ఉంటాయి. గణితం, అర్థశాస్త్రం, వాణిజ్యశాస్త్రం కలిసిన ఎంఈసీ అనే గ్రూపు ఒకటి ఉందని మా ఇంటికి వచ్చిన తండ్రికి ఎవరూ చెప్పలేదు.

అన్ని గ్రూపులకూ తెరిచి ఉన్న దారులు లేకపోలేదు. ఐదేళ్ల న్యాయవిద్య, చార్టర్డ్ అకౌంటెన్సీ ఫౌండేషన్, డిగ్రీ తర్వాత సివిల్ సర్వీసులు ఏ గ్రూపు చదివిన వారైనా ప్రయత్నించవచ్చు. అయితే ఒక తేడాను గమనించాలి. ఎంపీసీ చదివిన విద్యార్థి తర్వాత న్యాయశాస్త్రానికో, చరిత్రకో మారవచ్చు. హెచ్‌ఈసీ చదివిన విద్యార్థి ఇంజనీరింగ్‌కు మారలేడు. ఒకవైపు నుంచి మాత్రమే తెరుచుకునే తలుపు ఇది. అందువల్ల ఎవరిని ఎటువైపు నిలబెడుతున్నామన్నది కేవలం అభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదు.

ఈ తేడా ఎలా ఉంటుందో బడంగ్‌పేట్‌ పరిసరాలు చూస్తే అర్థమవుతుంది. ఈ ప్రాంతానికి కొద్ది కిలోమీటర్ల పరిధిలోనే క్షిపణి పరిశోధన జరిపే రిసెర్చ్ సెంటర్ ఇమారత్, డీఆర్‌డీఎల్ ఉన్నాయి. నాదర్‌గుల్‌లో విమాన శిక్షణకు వాడిన ఎయిర్‌ఫీల్డ్ ఉంది. ఆదిబట్లలో విమాన విడిభాగాల కర్మాగారాలు వెలిశాయి. సుమారు 5,500 ఎకరాల్లో నిర్మించిన శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. శాస్త్రవేత్తగా, ఇంజనీరుగా, పైలట్‌గా ఈ సంస్థల్లోకి వెళ్లేవారిలో దాదాపు అందరూ పదిహేనేళ్ల వయసులో గణితాన్ని ఎంచుకున్నవారే. ఊడ్చేందుకు, సామాన్లు మోసేందుకు, కాపలా కాసేందుకు వెళ్లేవారిని ఏ గ్రూపు చదివావని ఎవరూ అడగరు. ఈ రెండో వరుసలో ఏ కులాల వారు నిలబడతారో తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేదు. షిఫ్టు మారే వేళ బస్సు ఎక్కితే చాలు.

నా సంగతి చెప్పకుండా ఈ మాటలు రాయడం న్యాయం కాదు. 1990ల మధ్యలో పాలమూరు జిల్లాలోని ఒక ఊళ్లో పదో తరగతి పాసయ్యాను. మాది మాదిగ కుటుంబం. గణితంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. మా ఉపాధ్యాయుడొకరు నా భుజం మీద చెయ్యి వేసి, ప్రేమగానే, ‘మీవాళ్లకు లెక్కలెందుకురా, హెచ్‌ఈసీ తీసుకో, హాస్టల్లో ఉండి చదువుకుంటే రిజర్వేషన్‌లో ఏదో ఒక నౌకరీ దొరుకుతది’ అన్నారు. ఆయన నాకు కీడు తలపెట్టలేదు. నా మంచి కోరే ఆ మాట అన్నారు. ఆ మంచితనంలోనే కులం ఎంత సహజంగా ఇమిడి ఉందో గ్రహించడానికి నాకు పదేళ్లు పట్టింది. నేను చదివిన చరిత్ర, రాజనీతిశాస్త్రం నాకు ఎంతో ఇచ్చాయి. వాటి పట్ల నాకు ఫిర్యాదు లేదు. కానీ వాటిని నేను ఎంచుకోలేదు, నాకు కేటాయించారు. పీహెచ్‌డీలో వ్యవసాయ కూలీల వేతనాల మీద పనిచేస్తున్నప్పుడు ఇతరుల వ్యాసాల్లోని గణాంక పట్టికలు నాకు అర్థమయ్యేవి కావు. ఇరవై ఏడేళ్ల వయసులో, ఒక మిత్రుని దగ్గర ఇంటర్ గణితం పుస్తకాలు అరువు తెచ్చుకుని మొదటి పాఠం నుంచి నేర్చుకున్నాను. నాకు కష్టమనిపించింది గణితం కాదు, పన్నెండేళ్లు ఆలస్యంగా దాని దగ్గరికి రావడం.

ఏ పాఠ్యాంశం ఎవరికి అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. అంబేడ్కర్ బొంబాయిలోని ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదివే రోజుల్లో సంస్కృతం తీసుకోవాలనుకున్నారు. అంటరాని కులంలో పుట్టిన బాలుడికి సంస్కృతం నేర్పడానికి అంగీకరించకపోవడంతో ఆయన పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత సంస్కృతాన్ని సొంతంగా నేర్చుకుని, ఆ భాషలోని ధర్మశాస్త్రాలనే ప్రశ్నించారు. 1953లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో మరో పద్ధతిని ప్రవేశపెట్టింది. గ్రామాల్లోని ప్రాథమిక పాఠశాలల్లో బోధన రోజుకు మూడు గంటలకు తగ్గుతుంది. మిగిలిన సమయంలో పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. చాకలి బిడ్డ చాకిరేవుకు, కుమ్మరి బిడ్డ సారె దగ్గరికి పోవాలన్నమాట. ఆంధ్ర జిల్లాలు ఇంకా ఆ రాష్ట్రంలోనే ఉన్న వేసవి అది. కులవృత్తి విద్యగా పేరుపడిన ఆ పథకం మీద పెద్ద ఆందోళన రేగింది. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి కాగానే దాన్ని రద్దు చేశారు.

అంబేడ్కర్‌కు ‘కూడదు’ అని ఎదురుగానే చెప్పారు. రాజాజీ పథకం ప్రభుత్వ ఉత్తర్వుగా వచ్చింది. ఎదురుగా చెప్పినదాన్ని ఎదిరించవచ్చు, ఉత్తర్వును రద్దు చేయించవచ్చు. ఈరోజు ఏ ఉత్తర్వూ లేదు. ‘మీ అమ్మాయి సైన్సు తట్టుకోలేదు’, ‘దగ్గర్లో ఈ కాలేజీయే ఉంది’, ‘ఒకేషనల్ అయితే త్వరగా సంపాదిస్తుంది’ అన్న సలహాలు మాత్రమే ఉన్నాయి. ఒకే మార్కులు వచ్చిన ఇద్దరు పిల్లల్లో ఒకరికి ‘కష్టపడితే వస్తుంది’ అని, మరొకరికి ‘కష్టం, వద్దు’ అని చెబుతున్నాం. సలహాగా వచ్చే వివక్ష మీద ఎవరు ధర్నా చేస్తారు?

రిజర్వేషన్లపై మన పోరాటాలన్నీ విశ్వవిద్యాలయం గుమ్మం దగ్గర జరుగుతాయి. అవి అవసరమే. తెలంగాణ 2025 ఏప్రిల్ నుంచి ఎస్సీల 15 శాతం కోటాను ఒకటి, తొమ్మిది, ఐదు శాతాలుగా మూడు గ్రూపులకు వర్గీకరించింది. మూడు దశాబ్దాల ఉద్యమానికి దక్కిన ఫలితమది. కానీ ఏ రోస్టరూ హెచ్‌ఈసీ చదివిన పిల్లను ఇంజనీరింగ్ సీటులో కూర్చోబెట్టలేదు. ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం కూడా గుమ్మం దాటినవారికే అందుతుంది. అత్యంత వెనుకబడిన కులాల పిల్లలు కోటా దగ్గరికి చేరకముందే, పదో తరగతి తర్వాతి నెలరోజుల్లో, వడపోత జరిగిపోతోంది. ఇంటర్ ఫలితాల రోజున జిల్లాల వారీగా, బాలబాలికల వారీగా ఉత్తీర్ణత శాతాలు చదువుతాం. ఏ గ్రూపులో ఏ కులం పిల్లలు ఎందరున్నారన్న పట్టిక కూడా అదే రోజు ప్రకటించాలని మనం ఎందుకు అడగడం లేదు? అడ్మిషన్ ఫారంలో కులం గడి ఉంది, గ్రూపు గడీ ఉంది. ఆ రెండింటినీ కలిపి చూడటమే మిగిలింది.

ఈ వాదనను ఆర్ట్స్ గ్రూపుల మీద చిన్నచూపుగా ఎవరూ తీసుకోకూడదు. అందరినీ ఎంపీసీలోకి నెట్టే కార్పొరేట్ పిచ్చి కూడా ఇదే జబ్బుకు మరో రూపం. అప్పుచేసి, ఉన్న ఎకరం అమ్మి, ఇష్టంలేని బిడ్డను ఐఐటీ బ్యాచ్‌లో చేర్చిన బీసీ తండ్రులను నేనెరుగుదును. ఆ కళాశాలల్లో తెలుగు పిల్లలు మార్కుల కోసం ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకుని, భాష నేర్వకుండానే పాసవుతున్నారు. అంబేడ్కర్‌కు నిరాకరించిన పాఠం నేడు మార్కుల సరుకైంది. న్యాయం, చరిత్ర, అర్థశాస్త్రం చదివినవారే చట్టాలు రాస్తారు, బడ్జెట్లు రూపొందిస్తారు, పత్రికలు నడుపుతారు. అంబేడ్కర్ బి.ఏ.లో చదివింది అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రమే. ఆ శాస్త్రాలను మన పిల్లలు వదులుకోకూడదు. కానీ ఎంచుకుని అక్కడికి చేరడానికీ, మిగతా తలుపులు మూసుకుపోవడం వల్ల చేరడానికీ తేడా ఉంది.

ఈ సమస్య మనకొక్కరికే లేదు. బ్రిటన్‌లో రస్సెల్ గ్రూప్ విశ్వవిద్యాలయాలు 2011లో ఒక మార్గదర్శిని ప్రచురించాయి. పదహారేళ్లకు ఏ పాఠ్యాంశాలు తీసుకుంటే ఎక్కువ దారులు తెరిచి ఉంటాయో అందులో జాబితాగా ఇచ్చాయి. సంపన్న పాఠశాలల పిల్లలకు ఇళ్లలో, బడిలో ఎప్పుడో తెలిసిన రహస్యాన్ని మామూలు బడుల పిల్లలకూ చేర్చడం దాని ఉద్దేశం. ఆ జాబితా ఇతర పాఠ్యాంశాలను చిన్నబుచ్చుతోందన్న విమర్శ రావడంతో 2019లో దాన్ని విరమించుకున్నారు. అక్కడి నుంచి మనం రెండు పాఠాలూ నేర్చుకోవచ్చు: సమాచారం అందరికీ చేరాలి; ఆ సమాచారం చదువుల మధ్య కొత్త కులాలను సృష్టించకూడదు.

చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ప్రతి ప్రభుత్వ పాఠశాలలో, గురుకులంలో ఎనిమిదో తరగతి నుంచే గ్రూపుల గురించి తల్లిదండ్రుల సమక్షంలో, వారి భాషలో చెప్పాలి. ఒక పేజీ పట్టిక చాలు. ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించే శాశ్వత అధ్యాపకులుండాలి. గ్రూపు ఉండి గురువు లేకపోతే ఆ ఎంపికకు అర్థం లేదు. పదో తరగతి పరీక్షలు ముగియకముందే బస్తీల్లో తిరిగి అడ్వాన్సులు తీసుకోవడాన్ని, సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చోవడాన్ని ఇంటర్ బోర్డు అడ్డుకోవాలి. ఆంధ్రప్రదేశ్ 2025–26 నుంచి గణితం, జీవశాస్త్రం రెండూ చదివే వీలు కల్పించింది. అటువంటి వెసులుబాటు ఇక్కడా కావాలి. తప్పుదారిలో పడినవారికి రెండో అవకాశం ఉండాలి. ఒకేషనల్ విద్యార్థులు బ్రిడ్జి కోర్సు రాసి సాధారణ చదువుల్లోకి రావచ్చు. సార్వత్రిక పాఠశాల ద్వారా వదిలేసిన సబ్జెక్టును మళ్లీ రాయవచ్చు. ఈ రెండు దారులూ ఉన్నాయి గానీ, అవసరమైన పిల్లలకు వాటి సంగతి తెలియదు. 2008లో ఏర్పడిన బాసర ట్రిపుల్ ఐటీ, పదో తరగతికి గ్రేడు సగటు ఉన్న రోజుల్లో ప్రభుత్వ బడి పిల్లల సగటుకు 0.4 కలిపి ప్రవేశాలిచ్చేది. పదో తరగతి దగ్గరే జోక్యం చేసుకుంటే ఏం సాధ్యమో అది చూపింది.

విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘాలకు ఒక మాట. ప్లీనరీలు, సెమినార్లు జరుపుకుందాం. ఏప్రిల్, మే నెలల్లో రెండు వారాలు మాత్రం మన సొంత ఊళ్లకు, బస్తీలకు వెళ్లి, పదో తరగతి పిల్లల ఇళ్లలో కూర్చుందాం. కళాశాలల మనుషులు మార్చిలోనే వెళుతున్నారు. మనం వారికంటే ముందు వెళ్లాలి.

ఆ అమ్మాయి టీసీ వెనక్కి రావడానికి పదకొండు రోజులు పట్టింది. అడ్వాన్సు మూడు వేలు తిరిగి రాలేదు. అది తండ్రి పది రోజుల సంపాదన. ఇప్పుడామె రెండు బస్సులు మారి ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలకు వెళుతోంది. ఎంపీసీ. మొదటి మూడు నెలలు భౌతికశాస్త్రం అర్థం కావడం లేదని, గ్రూపు మార్పించమని ఏడ్చిందట. ఇప్పుడు ఆదివారాల్లో మా ఇంటికి వచ్చి, నాకు రాని లెక్కలు అడుగుతోంది. రేపు ఆమె ఇంజనీరవుతుందో, అర్థశాస్త్రవేత్త అవుతుందో, ఇవన్నీ కాదని చరిత్ర చదువుతుందో నాకు తెలియదు. ఏది చదివినా అది ఆమె ఎంచుకున్నదై ఉంటుంది. ఆ బస్తీలో ఆ ఏడాది ఆమెతో పాటు పదో తరగతి పాసైన మిగతా పిల్లల మెమోలు మాత్రం మా ఇంటిదాకా రాలేదు.