వేడికి చావని విత్తనం

విందులో మిగిలిన అన్నాన్ని కుప్పగా ఉంచి, సాయంత్రం వేడిచేసి పెడితే కొందరికి వాంతులు పట్టుకోవడం మన ద్రాక్షారామం చుట్టుపట్ల కుటుంబాలవారు ఎరుగని సంగతి కాదు. "మళ్ళీ వేడిచేశాం గదా, ఏమవుతుంది?" అని తల్లులు అడుగుతారు. జవాబు కంటికి కనబడని ఒక యంత్రంలో ఉన్నది.

మట్టిలోను, ధాన్యం మీదను బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉంటుంది. తిండి కరువైతే అది దళసరి పెంకుగల సిద్ధబీజంగా మారిపోతుంది. అన్నం ఉడికే వేడికి బాక్టీరియా చస్తుంది గాని, సిద్ధబీజం చావదు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి నిలవుంటే ఆ బీజం మొలకెత్తి, పెరిగి, విషం విడుస్తుంది. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందుచేత మిగిలిన అన్నాన్ని పలుచగా పరచి త్వరగా చల్లార్చి, వీలుంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. మజ్జిగ పోసి పులియబెట్టే చద్దన్నం వేరు. ఆ పులుపులో ఈ జీవి అంతగా పెరగలేదు.

సిద్ధబీజం తయారయ్యే తీరును శాస్త్రజ్ఞులు దీని దాయాది బాసిల్లస్ సబ్టిలిస్‌లో బాగా పరిశీలించారు. కణం ఒక కొసన చిన్న గది కట్టుకుంటుంది. చిత్రమేమంటే, అడ్డుగోడ తొందరపడి లేస్తుంది. వంశలక్షణాలు మోసే డి.ఎన్.ఎ. దారం మూడోవంతే గదిలో ఉండగా, గోడ ఆ దారం మీదనే మూసుకొంటుంది. సగం వ్రాసిన దస్తావేజు ఎవరికి పనికొస్తుంది?

అప్పుడు గోడలో ఉన్న స్పో-త్రీ-ఇ అనే ప్రోటీను పని మొదలుపెడుతుంది. ఆరు ముక్కలు చేరిన ఉంగరం అది. నూతి దగ్గర మనిషి కదలకుండా నిలబడి చేద తాడు లాగినట్లు, తానున్న చోటనే ఉండి దారాన్ని గదిలోకి లాగుతుంది. డి.ఎన్.ఎ.ను నిచ్చెన అనుకుంటే సెకనుకు సుమారు 4 వేల మెట్లు! ఎటు లాగాలో తెలిపే గుర్తులు దారం మీదనే ఉన్నాయి. పావుగంట అటూ ఇటూగా పని పూర్తి. ఈ ప్రోటీను లేకపోతే దారం గోడ దగ్గరే ఆగిపోతుందని 1994లో లింగ్ జువాన్ వూ, జెఫ్ ఎరింగ్టన్ చూపించారు. మన పేగులలోని ఇ.కోలై బాక్టీరియాలో కూడా ఎఫ్‌టిఎస్‌కె అనే దీని బంధువున్నది. కణం రెండుగా చీలేటప్పుడు డి.ఎన్.ఎ. గోడ కింద నలిగిపోకుండా అది పక్కకు లాగుతుంది.

మరి ఈ మోటారుకు నూనె ఏది? ఏటీపీ అనే పదార్థం. రెండు మెట్లు లాగడానికి ఒక ఏటీపీ అణువు ఖర్చు. ఆ లెక్కన ఒక్క సిద్ధబీజానికి దాదాపు 14 లక్షలు! మన కండరాలు కదిలేదీ దీనితోనే. కండరాలలో ఈ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో ఒకరు మన గోదావరి బిడ్డ, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ పని చేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. మన ఊళ్ళలో బోదకాలుకు పంచే డి.ఇ.సి. మాత్ర వెనుక కూడా సుబ్బారావుగారి కృషే ఉన్నదని ఎందరికి తెలుసు?

ఆయన 1948లో మరణించారు. డి.ఎన్.ఎ. మెలిక నిచ్చెన రూపం బయటపడింది 1953లో.