జొన్నరొట్టెలో వేపిన చేప

టాకో అనగానే మన పట్టణాల్లో చాలామందికి గుర్తొచ్చేవి సూపర్ మార్కెట్లో మైదా రొట్టెల ప్యాకెట్టు, సీసాలో మయొనైజ్, పెద్ద హోటల్ మెనూ కార్డు. వేపిన చేప ముక్కను మొక్కజొన్న రొట్టెలో పెట్టి, పైన సన్నగా తరిగిన క్యాబేజీ, పులుపు, కారం చేర్చి, చేత్తో మడిచి తినే ఈ మెక్సికో తిండికీ కడప జిల్లాలోని మన ఎర్రగుంట్లకూ ఏం సంబంధమని అడగడం సహజమే. చుట్టూ సున్నపురాయి, నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, రేగడి చేలల్లో శనగ. సముద్రం ఎక్కడో నెల్లూరు అవతల. అయినా ఈ వంటకం ఎర్రగుంట్ల ఇంట్లో చక్కగా కుదురుతుందనీ, బయటి నుంచి తెచ్చే ప్యాకెట్లు దాన్ని బాగుచేయకపోగా చెడగొడతాయనీ నేను నమ్ముతున్నాను. మైదా రొట్టెతో చేసిన దానికంటే మన జొన్నరొట్టెతో చేసిందే అసలు వంటకానికి దగ్గరగా ఉంటుంది. ఊరి మీద అభిమానంతో చెప్పేస్తున్న మాట కాదిది. కారణాలున్నాయి.

ముందు ఈ వంటకం పుట్టిన చోటు చూడాలి. వేపిన చేప టాకోకు పేరుపడింది మెక్సికో వాయవ్య కొసన ఉన్న బాహా కాలిఫోర్నియా, ముఖ్యంగా పసిఫిక్ తీరంలోని ఎన్సెనాడా రేవు. సముద్రం పక్కనే ఉన్నా అది కరువు నేల. అక్కడ ఏడాదికి పడే వాన కడప జిల్లాలో పడే దాంట్లో సగం కూడా ఉండదు. వలకు చిక్కిన చవక చేప, మొక్కజొన్న రొట్టె, ఎండకు తొందరగా వాడిపోని క్యాబేజీ, నిమ్మకాయ, మిరపకాయ ఉంటే చాలు, వీధి బండి మీద టాకో తయారు. చేపకు పిండి పూసి వేపే పద్ధతి అక్కడికి వలస వచ్చిన జపాను జాలరుల నుంచి వచ్చిందని కొందరంటారు. జపానుకేమో అది 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ల ద్వారా చేరింది. ఆ పోర్చుగీసు ఓడల్లోనే అమెరికా ఖండాల మిరపకాయ మన దేశానికి వచ్చింది. మన వేరుశనగ పుట్టిల్లేమో దక్షిణ అమెరికా. 1983లో రాల్ఫ్ రూబియో అనే యువకుడు శాన్ డియేగోలో చిన్న దుకాణం తెరిచాక చేప టాకో అమెరికా అంతటా పాకింది. ఎవరి చేతికి వెళితే వాళ్ల ధాన్యంతో, వాళ్ల నీళ్లలో దొరికే చేపతో సర్దుకున్న వంటకమిది. మనం సర్దుకుంటే తప్పు పట్టడానికి లేదు.

మెట్ట ప్రాంతంలో చేప ఎక్కడిదని మొదటి అభ్యంతరం. ఎర్రగుంట్లకు ఉత్తరాన జమ్మలమడుగు దగ్గర పెన్నా మీద మైలవరం జలాశయం ఉంది. దానికి ఎగువన గండికోట జలాశయం నిల్వ సామర్థ్యం 26.85 టీఎంసీలు. ఆ నీళ్లు ఊరికే రాలేదు. కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఇళ్లూ చేలూ వదులుకుని లేచిపోతేనే వచ్చాయి. ఆ నీటి నుంచి వచ్చే ప్రతిదాన్నీ విలువెరిగి వాడుకోవాల్సిన బాధ్యత దిగువన ఉన్న మన మీద ఉంది, అందులో చేప కూడా ఒకటి. జలాశయాల్లో బొచ్చె, శీలావతి, మోసు పెరుగుతాయి, జిలేబి చేపలు దొరుకుతాయి. కొల్లేరు, భీమవరం వైపు చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో లారీల మీద వచ్చేవి వేరే. ఇక చెరువులూ కుంటలూ ఎండే కాలంలో కూడా బతికి ఉండే కొరమీను మన నేలకు తగిన చేప. అది నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగలదు, అందుకే అమ్మేవాళ్లు తొట్టిలో ప్రాణంతోనే పెట్టి చూపిస్తారు. నలభై డిగ్రీలు దాటే ఎండల్లో, చేప ఎంతసేపట్లో చెడిపోతుందో అని భయపడాల్సిన ఊళ్లో, కళ్లముందు కోయించుకోగలగడం చిన్న విషయం కాదు.

చేప దొరకడం కన్నా అసలైన చిక్కు ముల్లు. రొట్టెలో మడిచి కొరికే తిండిలో ముల్లు ఉండకూడదు. సంగటిలోకి చేపల పులుసు వేసుకున్నప్పుడు వేళ్లతో ఏరుకుంటూ తింటాం. టాకోలో ఆ వీలు లేదు. బొచ్చె, శీలావతి కండలో వెన్నుకు అంటుకోకుండా విడిగా ఉండే సన్న ముళ్లు చాలా ఉంటాయి, ఎంత నేర్పుగా కోసినా అవి పోవు. కొరమీనులో ఈ బాధ చాలా తక్కువ. జిలేబిలోనూ అంతే, పైగా ధర తక్కువ. కాబట్టి ఈ రెండింటిలో ఒకటి తీసుకుని, వెన్నుముల్లు తీసేయించి, చర్మం ఒలిపించి, వేలెడు పొడవు ముక్కలు కోయించుకుంటే సగం పని అయినట్టే. శీలావతి తప్ప వేరేది దొరకని రోజు ఒక ఉపాయముంది. ముక్కకు చర్మం వైపు తెగిపోకుండా, అడ్డంగా మూడు మిల్లీమీటర్లకొకటి చొప్పున దగ్గర దగ్గరగా గాట్లు పెట్టాలి. సన్న ముళ్లు తునకలైపోయి, కాగిన నూనె ఆ గాట్లలోకి దిగి వాటిని కరకరలాడేట్టు వేపుతుంది. అయినా చిన్నపిల్లలకు పెట్టేది కొరమీనో జిలేబో అయితేనే నిశ్చింత.

రొట్టె దగ్గరే చాలామంది వెనకడుగు వేస్తారు. జొన్నరొట్టె మడిస్తే విరుగుతుందంటారు. నిజమే, కానీ ఎందుకు విరుగుతుందో తెలిస్తే విరగకుండా చేయడమూ తెలుస్తుంది. గోధుమలో సాగే గుణమిచ్చే గ్లూటెన్ జొన్నలో లేదు, మొక్కజొన్నలోనూ లేదు. మెక్సికో వాళ్లు మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. దాంతో పొట్టు ఊడి, పిండికి జిగురు వచ్చి ముద్ద నిలుస్తుంది. మన ఆడవాళ్లు జొన్నకు అదే పని మసిలే నీళ్లతో చేయిస్తారు. వేడికి పిండి సగం ఉడికి, ఉబ్బి, తనకు తానే బంక అవుతుంది. గ్లాసు జొన్నపిండికి దాదాపు గ్లాసు నీళ్లు ఉప్పేసి తెర్లించి, పిండి వేసి కలిపి, పది నిమిషాలు మూతపెట్టాలి. చేయి పట్టేంత వేడి ఉన్నప్పుడే అరచేతి మడమతో బాగా మెదపాలి. ఈ మెదపడంలో చూపించే ఓపికే రొట్టెను మడతకు నిలబెడుతుంది, ఇక్కడ తొందరపడితే తర్వాత ఏ ఉపాయమూ పనిచేయదు. పిండి పాతదైనా రొట్టె అంచులు చీలుతాయి, కాబట్టి కొత్తగా ఆడించింది వాడాలి. మామూలు రొట్టెలా పళ్లెమంత తట్టకూడదు. నిమ్మకాయంత ఉండ తీసుకుని అయిదంగుళాల వెడల్పు తడితే సరిపోతుంది, చిన్న రొట్టె తన బరువుకే చీలిపోదు. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో నీళ్లద్ది, తిప్పి, పొంగగానే తీసేయాలి. కరకరలాడేదాకా ఉంచితే మడతకు పనికిరాదు. తీసిన రొట్టెల్ని ఒకదాని మీదొకటి గుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే లోపలి ఆవిరే వాటిని మెత్తగా ఉంచుతుంది. చల్లారితే మొక్కజొన్న రొట్టె కూడా విరుగుతుంది. అందుకే మెక్సికో బండ్ల మీద చాలాచోట్ల రెండు రొట్టెలు జతగా పెట్టి ఇస్తారు. మనమూ అలా చేయొచ్చు. విరుగుతుందన్న ఒక్క కారణంతో జొన్నను పక్కనపెట్టి మైదా తెచ్చుకుంటే మెత్తదనం వస్తుంది, రుచి మాత్రం పోతుంది. నూనెలో వేగిన చేపకు ఎదురు నిలబడే మట్టివాసన లాంటి కమ్మదనం జొన్నకుంది, మైదాకు లేదు.

జొన్నకూ చేపకూ జత కుదరడంలో రుచిని మించిన సంగతి కూడా ఒకటుంది. మొక్కజొన్న యూరప్‌కూ అమెరికా దక్షిణ రాష్ట్రాలకూ వెళ్లినప్పుడు గింజ వెళ్లింది కానీ సున్నపు నీళ్ల పద్ధతి వెంట వెళ్లలేదు. దాని మీదే బతికిన పేదలకు పెల్లాగ్రా వచ్చింది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పెచ్చులూడడం, విరేచనాలు, మతి చెదరడం దాని లక్షణాలు. నయాసిన్ అనే విటమిన్ లోపమే మూలం. మొక్కజొన్నలోని నయాసిన్‌ను ఒంటికి పట్టేలా విడిపించేది ఆ సున్నమే. మన దక్కనులో జొన్న మీదే ఆధారపడ్డ పేదల్లోనూ ఈ జబ్బు కనిపించింది. హైదరాబాద్‌లో పోషకాహార పరిశోధన నడిపిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియ 1960లో లాన్సెట్ పత్రికలో దీని గురించి రాశారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదుకు మించి ఉండడం ఒక కారణం కావచ్చని వాళ్ల ప్రతిపాదన. దాని మీద తర్వాత శాస్త్రవేత్తల మధ్య చాలా చర్చ జరిగింది. లూసిన్ సంగతి ఎలా తేలినా, జొన్న ఒక్కటే తిన్నవాళ్లకు జబ్బు వచ్చిందన్నది నిజం. చేపలో నయాసిన్ ఉంది, ఒంట్లో నయాసిన్‌గా మారే ట్రిప్టోఫాన్ ఉంది. జొన్న మంచిదని చెప్పేవాళ్లు దాన్ని దేనితో కలిపి తినాలో కూడా చెప్పాలి. ఒకప్పుడు గతిలేక తిన్న ధాన్యమని జొన్నను చిన్నచూపు చూడడం ఎంత తప్పో, ఇప్పుడు అది సర్వరోగ నివారిణి అనడం కూడా అంతే తప్పు.

పై పిండి విషయంలో ఎర్రగుంట్ల వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ వేసుకు తినే సీమ ఇది. మెత్తటి ధాన్యం పక్కన కరకరలాడే వేపుడు ఎంత బాగుంటుందో ఇక్కడి నాలుకకు ఎప్పుడో తెలుసు. చేపకు మాత్రం బజ్జీ పిండిని కాస్త మార్చుకోవాలి. శనగపిండి ఒక్కటే అయితే పూత మందమై చేప రుచిని మింగేస్తుంది. అరకిలో ముక్కలకు వంద గ్రాముల బియ్యప్పిండి, యాభై గ్రాముల శనగపిండి సరిపోతాయి. బియ్యప్పిండి కరకర ఇస్తుంది, నూనె తక్కువ పీల్చుతుంది. శనగపిండి పూతను ముక్కకు పట్టి ఉంచుతుంది. ఉప్పు, కారం, నూరిన తెల్లగడ్డ, చిటికెడు పసుపు చేర్చి, వేసే ముందు మాత్రమే బాగా చల్లటి గోలీసోడాతో జారుగా కలపాలి. సోడాలోని గాలి బుడగలు నూనెలో వ్యాకోచించి పూతను తేలిక చేస్తాయి, ముందే కలిపి ఉంచితే ఆ గాలి పోతుంది. ముక్కలకు ఉప్పూ నిమ్మరసమూ పట్టించి పావుగంటకు మించి ఉంచొద్దు, పులుపుకు కండ గట్టిపడుతుంది. తర్వాత పొడిగుడ్డతో తడి ఒత్తి, పొడి బియ్యప్పిండిలో దొర్లించి, పిండిలో ముంచాలి. తడి ముక్క మీద పూత నిలవదు. వేరుశనగ నూనె నూట ఎనభై డిగ్రీల దాకా కాగాలి. తర్మామీటరు లేకపోతే పిండి చుక్క వేసి చూడండి, అడుగుకు దిగిన వెంటనే పైకి తేలితే వేడి చాలు. ఒక్కో వాయికి నాలుగైదు ముక్కలే వేయాలి. ఎక్కువ వేస్తే నూనె చల్లబడి, ముక్కలోంచి ఆవిరి జోరుగా బయటికి రాక, నూనె లోపలికి ఇంకుతుంది. మూడు నాలుగు నిమిషాల్లో వేగిపోతుంది. తీసిన ముక్కల్ని కాగితం మీద పోగేయకుండా జల్లెడలో విడివిడిగా పరిస్తే కింది వైపు చెమ్మగిల్లదు.

చేపా పెరుగూ కలిపి తింటే బొల్లి వస్తుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం, మెక్సికో టాకో మీద పోసేదేమో మీగడ. ఈ నమ్మకానికి ఆధారం లేదు. చర్మానికి రంగునిచ్చే కణాల మీద ఒంటి రక్షణ వ్యవస్థే దాడి చేయడం వల్ల బొల్లి వస్తుంది, తిండి కలయిక వల్ల కాదు. బెంగాలీలు చేపను పెరుగులో వండుకుని తరతరాలుగా తింటున్నారు. అయినా పెద్దవాళ్లతో కలిసి కూర్చుని తినే ఇంట్లో ఈ వాదన గెలవాల్సిన అవసరం లేదు, ఎందుకంటే పెరుగు కన్నా మేలైనది మన రోట్లోనే ఉంది. వేయించిన చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ వేసి నూరిన ఊరిబిండిని నిమ్మరసం, గోరువెచ్చటి నీళ్లతో కాస్త పలుచన చేసి చేప మీద వేస్తే, మీగడ ఇచ్చే కమ్మదనం చెనిక్కాయ ఇస్తుంది, అదనంగా కారం, పులుపు వస్తాయి. ఇక పచ్చి ముక్కలు తప్పనిసరి. సన్నగా తరిగిన క్యాబేజీ, ఎర్రగడ్డలకు ఉప్పూ నిమ్మరసమూ పిండి పది నిమిషాలు ఉంచితే చాలు. ఎండాకాలమైతే నిమ్మకాయ బదులు పచ్చిమామిడి కోరు వేయండి, ఇంకా బాగుంటుంది. నిప్పుల మీద కాల్చిన టమోటా, పచ్చిమిరప, కొత్తిమీర నూరిన పచ్చడి ఉంటే సరే, లేకపోయినా లోటు లేదు.

ఇన్ని మార్చాక దాన్ని టాకో అనడమెందుకు, చేపల వేపుడు జొన్నరొట్టెతో తిన్నామంటే పోలా అని అడిగేవాళ్లుంటారు. అడగదగిన ప్రశ్నే. మనం మెక్సికో నుంచి తీసుకుంటున్నది పదార్థాల్ని కాదు, వాటి అమరికను. మన అలవాటులో వేపుడు వేపుడే, రొట్టె రొట్టే. రెండూ పళ్లెంలో పక్కపక్కన ఉంటాయి, పచ్చి ఎర్రగడ్డ అంచున ఉంటుంది. వేడి, చల్లన, కరకర, మెత్తన, పులుపు, కారం అన్నీ ఒకే కొరుకులో అందేలా పేర్చడం వాళ్ల నేర్పు. అది అప్పు తీసుకున్నప్పుడు పేరు చెప్పడం మర్యాద. చేపల పులుసు మానేయమని ఎవరూ అనడం లేదు, సంగటి పక్కన దాని చోటు దానిదే. నూనె మీద అభ్యంతరం మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఇది రోజూ తినే తిండి కాదు, నెలకు ఒకటి రెండు సార్లు చాలు. చేప వేపిన నూనెను నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ కాచడం అస్సలు పనికిరాదు. కాబట్టి లోతు బాణలి వద్దు, చిన్న మూకుడులో ముక్క మునిగేంత నూనె పోసి విడతలుగా వేపండి.

చేలల్లో జొన్న తగ్గి శనగ పెరిగిన ప్రాంతమిది. గిట్టుబాటు చూసుకున్న రైతును తప్పుపట్టలేం. కానీ జొన్న కొనేవాళ్లు ఉంటేనే వేసేవాళ్లు ఉంటారు. ముద్దగా కలిపిన పిండిని చేత్తో తట్టడం నేర్చుకోవడానికి ఇంట్లో పిల్లలకు ఆసక్తి కలిగించే సందర్భం కావాలి, అయిదంగుళాల చిన్న రొట్టె అయితే పదేళ్ల పిల్లలు కూడా తట్టగలరు. ఈ వంటకాన్ని వడ్డించే పద్ధతి కూడా అందుకు అనుకూలమే. వేడి రొట్టెల డబ్బా, చేప ముక్కల జల్లెడ, ఊరిబిండి గిన్నె, క్యాబేజీ పళ్లెం మధ్యలో పెట్టి ఎవరిది వాళ్లను చుట్టుకోమనాలి. ముందే చుట్టి పెడితే పచ్చి ముక్కల నీరు దిగి పూత మెత్తబడుతుంది, రొట్టె నానుతుంది. అడుగున ఊరిబిండి, దాని మీద చేప, చివరగా క్యాబేజీ పెట్టి, చుట్టిన వెంటనే తినేయాలి.